ఆటలో పదిహేనేళ్లు నిలవాలంటే: కోలుకోవడం కూడా శిక్షణలో భాగమే

తిరువూరు చుట్టుపక్కల ఏ ఊరి గ్రౌండ్‌కు వెళ్లినా సాయంత్రం పూట టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడే కుర్రాళ్లు, పోలీసు సెలెక్షన్ల కోసం పరుగులు తీసే యువకులు కనిపిస్తారు. వాళ్లలో ఒకరిద్దరికి నిజంగానే ప్రతిభ ఉంటుంది. అది గమనించిన అబ్బా ఎక్కడో సర్దుబాటు చేసుకుని కిట్ కొంటారు. అమ్మీ తెల్లవారుజామునే లేచి గుడ్లు ఉడకబెడతారు. తీరా రెండు మూడేళ్లు గడిచేసరికి కుర్రాడికి నడుమో, మోకాలో, భుజమో పట్టేస్తుంది. మందుల షాపులో బిళ్ల తెచ్చుకుని ఆడతాడు. నొప్పి ఇంకా పెరుగుతుంది. చివరికి ఆట ఆగిపోతుంది. అప్పటికే చదువు కూడా వెనకబడి ఉంటుంది.

ఇలా ఆగిపోయిన ఆటల్లో చాలావరకు కాపాడుకోదగ్గవే. పెద్ద ఆటగాళ్లకు గాయాలు కావా అంటే, అవుతాయి. గాయమైనప్పుడు వాళ్లు ఏం చేశారు, తిరిగి వచ్చేటప్పుడు ఎంత ఓపిక పట్టారు అన్నదే వాళ్ల కెరీర్‌ను నిలబెట్టింది. ఇందుకు మన తెలుగు నేల మీదే, మన ఇళ్ల లాంటి ఇళ్ల నుంచే గట్టి ఉదాహరణలు ఉన్నాయి.

నిఖత్ జరీన్: భుజం జారిన తర్వాత ఐదేళ్లు

నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2011లో టర్కీలో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీల్లో బంగారు పతకం గెలిచినప్పుడు ఆమెకు 15 ఏళ్లు కూడా సరిగా నిండలేదు. ఇక అన్నీ వరుసగా వచ్చేస్తాయని అందరూ అనుకున్నారు. కానీ 2017లో భుజం కీలు జారింది. సర్జరీ చేయాల్సి వచ్చింది. దాదాపు ఏడాది పాటు రింగ్‌కు దూరమయ్యారు. 2018లో కామన్వెల్త్ క్రీడలు, ఆసియా క్రీడలు జరిగిపోయాయి. రెండింటిలోనూ ఆమె లేరు.

బాక్సర్‌కు భుజమంటే రైతుకు ఎద్దు లాంటిది. అది లేకుండా పని సాగదు. సర్జరీతో కీలు మాత్రమే సరి అవుతుంది. దాని చుట్టూ ఉన్న కండరాలకు మళ్లీ బలం రావాలంటే నెలల తరబడి రోజూ చిన్న చిన్న వ్యాయామాలు చేయాలి. రబ్బరు బ్యాండు లాగడం, తేలిక బరువు ఎత్తడం లాంటి విసుగు పుట్టించే పనులవి. చప్పట్లు కొట్టేవాళ్లు ఉండరు, ఫొటోలు తీసేవాళ్లు ఉండరు. ఆటగాడి అసలు ఓపిక తేలేది అక్కడే.

నిఖత్ 2019లో బల్గేరియాలో స్ట్రాంజా టోర్నీ గెలిచి మళ్లీ వెలుగులోకి వచ్చారు. 2022 మేలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ విజేత అయ్యారు. అదే ఏడాది బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో బంగారం, 2023లో ఢిల్లీలో రెండోసారి ప్రపంచ టైటిల్ సాధించారు. గాయం నుంచి తొలి ప్రపంచ టైటిల్ వరకు లెక్కపెడితే ఐదేళ్లు. మధ్యలో ఇంట్లో వాళ్లు ‘ఇక చాలులే బేటీ’ అని ఉంటే ఆ రెండు పతకాలూ వచ్చేవి కావు.

సిరాజ్: 1113 బంతులు ఎలా వేయగలిగాడు?

హైదరాబాద్ ఆటో డ్రైవర్ కొడుకు మహమ్మద్ సిరాజ్ కూడా టెన్నిస్ బంతితోనే ఆట మొదలుపెట్టాడు. 2015లో హైదరాబాద్ తరఫున రంజీ ఆడాడు, 2020 డిసెంబర్‌లో మెల్బోర్న్‌లో తొలి టెస్టు ఆడాడు. 2025లో ఇంగ్లాండ్ పర్యటనలో ఐదుకు ఐదు టెస్టులూ ఆడి 185.3 ఓవర్లు, అంటే 1113 బంతులు వేశాడు. 23 వికెట్లు తీశాడు. ఆగస్టు 4న ఓవల్‌లో భారత్ 6 పరుగుల తేడాతో గెలిచినప్పుడు చివరి వికెట్ కూడా అతనిదే.

అదే సిరీస్‌లో జస్‌ప్రీత్ బుమ్రా మూడు టెస్టులే ఆడాడు. ఆ సంగతి ముందే నిర్ణయమైంది. బుమ్రాకు 2023లో వెన్నుకు సర్జరీ జరిగింది. అతని శరీరం ఎంత బరువు మోయగలదో చూసే జట్టు ఆ లెక్క వేసింది. ఇద్దరిలో ఎవరు గొప్ప అన్న వాదన ఇక్కడ అనవసరం. ఒక్కొక్కరి శరీరానికి ఒక్కో లెక్క ఉంటుంది, ఆ లెక్క రాసి పెట్టుకోవాలి. గ్రహించాల్సింది ఇంతే.

ఊళ్లలో జరిగేది దీనికి పూర్తిగా వేరు. కుర్రాడు నెలంతా వారానికి వంద బంతులు వేస్తాడు. సంక్రాంతికో వేసవి సెలవుల్లోనో టోర్నమెంట్ వస్తుంది. మూడు రోజుల్లో మూడు వందల బంతులు వేస్తాడు. ఊపిరి, కండరం ఆ బరువుకు త్వరగానే అలవాటు పడతాయి. ఎముక, కండరాన్ని ఎముకకు కలిపే నరం మాత్రం చాలా నెమ్మదిగా గట్టిపడతాయి. అందుకే కుర్రాడికి ‘ఇంకా ఓపిక ఉంది’ అనిపిస్తున్నప్పుడే లోపల వెన్నెముక దగ్గర సన్నని చీలిక మొదలవుతుంది. దీన్నే డాక్టర్లు స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. ఎదిగే వయసు ఫాస్ట్ బౌలర్లలో ఇది తరచుగా కనిపించే గాయం. నడుము కింద ఒక పక్కనే నొప్పి ఉండి, వెనక్కి వంగితే ఎక్కువైతే దాన్ని కండరాల నొప్పి అని వదిలేయకూడదు. మొదట్లోనే పట్టుకుంటే కొన్ని నెలల విశ్రాంతితో చాలామందికి నయమవుతుంది. పట్టించుకోకపోతే ఏళ్లు పోతాయి.

ఇంగ్లాండ్ క్రికెట్ బోర్డు చాలాకాలం పాటించిన మార్గదర్శకాల్లో అండర్-15 ఫాస్ట్ బౌలర్‌కు ఒక స్పెల్‌లో 6 ఓవర్లు, రోజు మొత్తంలో 12 ఓవర్లు అన్న హద్దు ఉంది. మన ఊరి మైదానంలో ఈ హద్దు ఎవరూ పెట్టరు కాబట్టి ఇంట్లో వాళ్లే పెట్టాలి. దీనికి పది రూపాయల నోటు పుస్తకం చాలు. ఏ రోజు ఎన్ని బంతులు, ఎన్ని కిలోమీటర్లు, ఎంత నొప్పి, ఎన్ని గంటల నిద్ర అని నాలుగు గీతలు గీసి రాసుకోవాలి. గత నాలుగు వారాల సగటు కన్నా ఈ వారం బరువు ఒక్కసారిగా రెండింతలు అయితే అది ప్రమాద సంకేతం.

సానియా: శరీరం మారితే ఆట మార్చుకోవాలి

సానియా మీర్జా 2003లో ప్రొఫెషనల్ అయ్యారు. 2007లో సింగిల్స్‌లో ప్రపంచ 27వ ర్యాంకుకు చేరారు. తర్వాత మణికట్టు గాయం మొదలైంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో మ్యాచ్ మధ్యలో తప్పుకోవాల్సి వచ్చింది. మణికట్టుకు సర్జరీ జరిగింది. మోకాళ్లు కూడా ఇబ్బంది పెట్టాయి.

అప్పుడు ఆమె తీసుకున్న నిర్ణయం ఆటగాళ్ల కుటుంబాలన్నీ తెలుసుకోదగింది. సింగిల్స్ ఆడుతూ ఉంటే శరీరం ఎక్కువ కాలం నిలవదని తేల్చుకుని, ఆమె డబుల్స్ మీదే దృష్టి పెట్టారు. డబుల్స్‌లో సగం కోర్టు చూసుకుంటే చాలు, పరుగు తగ్గుతుంది. తన బలమైన ఫోర్‌హ్యాండ్ అక్కడ మరింత పనికొచ్చింది. 2015 ఏప్రిల్‌లో డబుల్స్ ప్రపంచ నంబర్ వన్ అయ్యారు. మార్టినా హింగిస్‌తో కలిసి వింబుల్డన్, యూఎస్ ఓపెన్, ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచారు. మిక్స్‌డ్‌తో కలిపి మొత్తం ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు ఆమె ఖాతాలో ఉన్నాయి.

2018 అక్టోబర్‌లో కొడుకు పుట్టాడు. బాబు పుట్టాక ఏడాదికి పైగా సమయం తీసుకుని 2020 జనవరిలో హోబర్ట్‌లో కోర్టులోకి దిగారు. ఆ తొలి టోర్నీలోనే డబుల్స్ టైటిల్ గెలిచారు. 2023 ఫిబ్రవరిలో దుబాయ్‌లో చివరి మ్యాచ్ ఆడారు. అంటే 20 ఏళ్ల కెరీర్. సింగిల్స్ పట్టుకుని మొండిగా కూర్చుంటే అందులో సగం కూడా సాగేది కాదేమో.

తొందరపడి దిగితే రెండోసారి దెబ్బ

పుల్లెల గోపీచంద్‌కు 1994లో మోకాలి గాయమైంది. సర్జరీల తర్వాత 2001లో ఆల్ ఇంగ్లాండ్ టైటిల్ గెలిచారు. పి.వి. సింధు 2022లో బర్మింగ్‌హామ్‌లో బంగారం గెలిచారు గానీ ఎడమ చీలమండలో స్ట్రెస్ ఫ్రాక్చర్ తేలింది. ఆ ఏడాది ప్రపంచ చాంపియన్‌షిప్ వదులుకుని, 2023 జనవరిలో మళ్లీ కోర్టులోకి వచ్చారు. ప్రపంచ స్థాయి క్రీడాకారిణి ఎముక అతుక్కోవడానికి, బలం తెచ్చుకోవడానికి ఐదు నెలలు ఆగితే, మన కుర్రాడు ఆదివారం ఫైనల్ ఉందని పది రోజుల్లో కట్టు విప్పేస్తాడు.

‘నొప్పి తగ్గింది’ అన్న ఒక్క కారణంతో గ్రౌండ్‌లోకి దిగకూడదు. క్రమంగా మెట్లు ఎక్కాలి:

1. రోజువారీ పనుల్లో, మెట్లు ఎక్కి దిగడంలో, నమాజ్‌లో కూర్చుని లేవడంలో నొప్పి లేకుండా ఉండాలి.
2. కీలు రెండో వైపుతో సమానంగా పూర్తిగా వంగాలి, చాచాలి.
3. గాయపడిన వైపు బలం మంచి వైపుతో పోలిస్తే నూటికి తొంభై వంతులకైనా రావాలి. ఒంటికాలి మీద గెంతించి, బరువు ఎత్తించి ఫిజియో ఇది చూస్తారు.
4. ముందు తేలిక పరుగు, తర్వాత వేగం, ఆ తర్వాత మలుపులు, గెంతులు.
5. జట్టుతో పూర్తి ప్రాక్టీస్ కొన్ని వారాలు చేసి, అప్పుడే మ్యాచ్.

ఏ మెట్టు దగ్గర నొప్పి, వాపు వచ్చినా ఒక మెట్టు కిందికి దిగాలి. మోకాలిలోని ఏసీఎల్ తెగి సర్జరీ అయినవారు కనీసం తొమ్మిది నెలలు ఆగడం మంచిదని క్రీడా వైద్యులు చెబుతారు. అంతకన్నా ముందే దిగినవారికి మోకాలు మళ్లీ దెబ్బతినే ప్రమాదం ఎక్కువ.

దెబ్బ తగిలిన మొదటి మూడు రోజులు

కాలు మడతపడి వాచిందనుకోండి. మొదటి రెండు మూడు రోజులు ఆ కాలి మీద బరువు తగ్గించాలి. సాగే బ్యాండేజీ చుట్టి, పడుకున్నప్పుడు కాలు కింద దిండు పెట్టాలి. ఐస్ గుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషాలు పెడితే నొప్పి తగ్గుతుంది. ఈ రోజుల్లో వేడి కాపడం, గట్టి మాలిష్ వద్దు. వాటితో వాపు పెరగవచ్చు. ఆ తర్వాత పూర్తిగా మంచానికే పరిమితం కావడం కూడా తప్పే. నొప్పి ఓర్చుకోగలిగినంత మేర నెమ్మదిగా కదిలించడమే మందు.

నాలుగడుగులు కూడా వేయలేకపోయినా, ఎముక మీద నొక్కితే ప్రాణం పోయినట్టున్నా, కీలు ఆకారం మారినా, తిమ్మిరి పట్టినా ఆలస్యం చేయకూడదు. నాటు కట్టు కట్టించాలనుకునే పెద్దలు కూడా ముందు ఎక్స్‌రే తీయించడం తప్పనిసరి. లోపల ఏముందో తెలియకుండా బిగించి కడితే రక్తప్రసరణకే ఇబ్బంది రావచ్చు. తిరువూరు నుంచి ఒకవైపు విజయవాడ, మరోవైపు ఖమ్మం ఉన్నాయి. ఎముకల డాక్టర్‌కు చూపించడానికి అయ్యే బస్సు ఖర్చు, పోయే ఒక రోజు కూలీ, ఆరు నెలలు ఆట పోగొట్టుకోవడం కన్నా చాలా తక్కువే.

నిద్ర, తిండి: ఖర్చు లేని మందులు

శరీరం మరమ్మతు చేసుకునేది నిద్రలో. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. రాత్రి ఒంటిగంట వరకు ఫోన్ చూసి ఐదింటికి గ్రౌండ్‌కు వెళ్లే కుర్రాడు ఎంత కష్టపడ్డా అది శరీరానికి అంటదు. ఫోన్ పక్క గదిలో పెట్టించడం పెద్దల పని.

తిండి విషయంలో డబ్బా పౌడర్ల వెంట పడాల్సిన పని లేదు. గుడ్లు, పప్పు, పెరుగు, చేపలు, చికెన్, శనగలు, వేరుశనగలు మన వంటింట్లోవే. అన్నంతో పాటు వీటిలో ఒకటి ప్రతి పూటా ఉండాలి. వేసవిలో ఉప్పు, చక్కెర కలిపిన నిమ్మరసం, మజ్జిగ తాగించాలి. మూత్రం ముదురు పసుపుగా వస్తే నీళ్లు చాలడం లేదని గుర్తు.

బాక్సింగ్, కుస్తీ లాంటి బరువు కేటగిరీ ఆటల్లో ఇంకో ప్రమాదం ఉంది. తూకం కోసం రెండు మూడు రోజులు నీళ్లు మానేసి, ఒళ్లు ఎండబెట్టుకుంటారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫోగాట్ ఫైనల్ ముందు వంద గ్రాములు ఎక్కువ తూగి పోటీకి అనర్హురాలయ్యారు. అంత పెద్ద బృందం వెంట ఉన్నవారికే అలా జరిగిందంటే, ఎదిగే పిల్లలతో ఈ పని చేయించడం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. పిల్లలు తమ సహజ బరువు కేటగిరీలోనే ఆడాలి.

రంజాన్‌లో శిక్షణ ఎలా?

ప్రతి ఏడాదీ చాలా ఇళ్లలో వచ్చే ప్రశ్న ఇది. 2012 లండన్ ఒలింపిక్స్ పూర్తిగా రంజాన్‌లోనే జరిగాయి. 2021లో ఇంగ్లాండ్ ప్రీమియర్ లీగ్‌లో లెస్టర్ సిటీ ఆటగాడు ఫోఫానా ఇఫ్తార్ చేయడానికి మ్యాచ్‌ను కాసేపు ఆపారు. రోజాకూ ఆటకూ పొత్తు కుదుర్చుకోవచ్చని ప్రపంచం క్రమంగా తెలుసుకుంటోంది.

ఆ నెలలో కొత్త బలం సంపాదించాలని పట్టుపట్టకుండా, ఉన్నది కాపాడుకుంటే చాలు. బరువైన కసరత్తు ఇఫ్తార్ తర్వాత గంటన్నర, రెండు గంటలకు, లేదా తరావీహ్ అయ్యాక చేసుకోవాలి. ఇఫ్తార్‌కు ముందు అరగంట తేలిక నడక, బ్యాటు పట్టుకుని నైపుణ్యం సాధన వరకు ఫర్వాలేదు. మధ్యాహ్నం ఎండలో పరుగు అసలు వద్దు. ఇఫ్తార్‌లో ఖర్జూరం, నీళ్లు, పండ్లతో మొదలుపెట్టి, సమోసాలు, పకోడీలు తగ్గించాలి. సహరీలో గుడ్లు, పెరుగు, రొట్టె, ఓట్స్ లాంటి నెమ్మదిగా అరిగేవి మంచివి. నీళ్లు ఒక్కసారే కాకుండా ఇఫ్తార్ నుంచి సహరీ వరకు కొద్దికొద్దిగా తాగాలి. రాత్రి తగ్గిన నిద్రను జుహర్ తర్వాత గంట కునుకుతో కొంత పూడ్చుకోవచ్చు.

కళ్లు తిరగడం, గుండె దడ, చెమట ఆగిపోవడం కనిపిస్తే ఆట వెంటనే ఆపేయాలి. అనారోగ్యంలో ఉన్నవారికి, ప్రయాణంలో ఉన్నవారికి రోజాను తర్వాత పూర్తి చేసుకునే వెసులుబాటు దీన్‌లోనే ఉంది. ఎవరి పరిస్థితికి ఏది వర్తిస్తుందో డాక్టర్‌నూ, తెలిసిన ఆలిమ్‌నూ అడిగి నిర్ణయించుకోవాలి. సర్జరీ అయి యాంటీబయోటిక్స్ వాడుతున్న పిల్లలు సొంతంగా మందులు మానేయకూడదు.

ఆడపిల్లల విషయంలో

ఆడపిల్లల్లో రక్తహీనత మనకు చాలా మామూలైపోయింది. ఎంత పరిగెత్తినా ఆయాసం తగ్గకపోతే ‘బలహీనంగా ఉంది’ అని వదిలేయకుండా హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి. శిక్షణ పెరిగాక నెలసరి మూడు నెలల పాటు రాకపోతే అది శ్రమకు తగ్గ తిండి అందడం లేదన్న సంకేతం కావచ్చు. అలాగే సాగితే ఎముకలు బలహీనపడతాయి. ఈ మాట కోచ్‌తో చెప్పడానికి అమ్మాయి సిగ్గుపడుతుంది. అమ్మీయే అడగాలి, లేడీ డాక్టర్‌కు చూపించాలి.

దుస్తుల సంగతి చాలామంది తల్లిదండ్రులను వెనక్కి లాగుతుంది. తల కప్పుకుని ఆడటానికి ఫుట్‌బాల్ సంఘం ఫిఫా 2014లో, బాస్కెట్‌బాల్ సంఘం ఫిబా 2017లో, అంతర్జాతీయ బాక్సింగ్ సంఘం 2019లో అనుమతి ఇచ్చాయి. స్థానిక పోటీలో ఎవరైనా అభ్యంతరం చెబితే ఈ నిబంధనల గురించి నిర్వాహకులతో ముందే మాట్లాడుకోవచ్చు.

బిళ్లలు, ఇంజెక్షన్లతో జాగ్రత్త

డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి బిళ్లలు గాయాన్ని నయం చేయవు, దాన్ని కనిపించకుండా చేస్తాయి. ఎండలో చెమట కారి నీళ్లు తగ్గిన శరీరానికి ఇవి పదే పదే వేస్తే కిడ్నీలకు ముప్పు. మ్యాచ్‌కు ముందు బిళ్ల వేసుకుని ఆడే అలవాటు మొదట్లోనే మాన్పించాలి.

జిమ్‌లో ఎవరో ఇచ్చిన ఇంజెక్షన్, లేబుల్ సరిగా లేని పౌడర్ ఇంకా ప్రమాదం. వాటిలో నిషేధిత స్టెరాయిడ్లు ఉండవచ్చు. డోపింగ్ పరీక్షలో పట్టుబడితే ‘నాకు తెలియదు’ అన్న జవాబు చెల్లదు. ఏళ్ల తరబడి నిషేధం పడుతుంది. కీళ్ల నొప్పికి డాక్టర్లే ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా 2022 నుంచి పోటీ సమయంలో నిషేధిత జాబితాలో ఉంది. అందుకే ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ‘మా పిల్లవాడు పోటీల్లో ఆడతాడు’ అని ముందే చెప్పాలి. చీటీలు, రిపోర్టులు అన్నీ ఒక ఫైలులో దాచాలి.

ఆట ఉండగానే రేపటి లెక్క

ఎంత గొప్ప కెరీర్ అయినా ఒక రోజు ముగుస్తుంది. మిథాలీ రాజ్ 1999 నుంచి 2022 వరకు 23 ఏళ్లు భారత్‌కు ఆడారు. అలాంటివాళ్లు చాలా అరుదు. మిగతావాళ్లకు చదువు, ఉద్యోగం ఆటతో పాటే నడవాలి. నిఖత్, సిరాజ్ ఇద్దరికీ 2024లో తెలంగాణ పోలీసు శాఖలో డీఎస్పీ ఉద్యోగాలు వచ్చాయి. అంత స్థాయికి చేరని ఆటగాళ్లకు కూడా రైల్వే, పోలీసు, ప్రభుత్వ రంగ సంస్థల్లో క్రీడా కోటా కింద అవకాశాలు ఉంటాయి. వాటికి సర్టిఫికెట్లు, డిగ్రీ రెండూ కావాలి. గాయంతో ఇంట్లో కూర్చున్న నెలలు పరీక్షలు రాయడానికి మంచి సమయం.

గాయపడిన పిల్లవాడి మనసు గురించి కూడా ఇంట్లో ఆలోచించాలి. స్నేహితులు ఆడుతుంటే పక్కన కూర్చోవడం చాలా బాధ. అతను మాట్లాడటం తగ్గించినా, తిండి మానేసినా దగ్గర కూర్చోబెట్టుకుని అడగాలి. ‘ఇంత ఖర్చు పెట్టాం’ అన్న మాట ఆ రోజుల్లో నోటి నుంచి రాకూడదు. ఆ మాట విన్న కుర్రాడే నొప్పి దాచుకుని ఆడతాడు.

కోచ్‌ను అడగాల్సిన ప్రశ్నలు

పిల్లలను అకాడమీలో చేర్చే ముందు పెద్దలు ఐదు సంగతులు అడిగి తెలుసుకోవాలి. వారంలో పూర్తి విశ్రాంతి రోజు ఉందా? పిల్లలు ఎంత ఆడారో ఎవరైనా రాస్తున్నారా? గాయమైతే ఏ డాక్టర్‌కు, ఏ ఫిజియోకు పంపుతారు? నొప్పి ఉందని చెప్పిన పిల్లవాడిని జట్టు నుంచి తీసేస్తారా, కాపాడతారా? బిళ్లలు, పౌడర్లు అకాడమీలో ఎవరైనా ఇస్తారా?

వీటికి సూటిగా జవాబిచ్చే కోచ్ దగ్గర ఫీజు కాస్త ఎక్కువైనా నష్టం లేదు. ‘నొప్పి లేకుండా ఆట ఎక్కడిది’ అని నవ్వేసే చోట ఫీజు లేకపోయినా పిల్లవాడిని చేర్చకపోవడమే మేలు. పదహారేళ్ల వాడికి ఈ ఆదివారం ఫైనల్ కన్నా పెద్దది ఏదీ కనిపించదు. ముందున్న పదిహేనేళ్లను చూసి అతన్ని ఆపాల్సింది ఇంట్లోని పెద్దలే.